గోదావరిలో బెండు పారుతోంది కానీ చేప ముట్టట్లేదా? నా అనుభవం

దోస్తులం నలుగురం వరంగల్ నుంచి ఏటూరునాగారం దగ్గర గోదావరికి పోయాం. పొద్దటి నుంచి బెండు (గాలం దారానికి ఉండే, నీళ్ల మీద తేలే ముక్క) పారుతూనే ఉంది, చేప ముట్టలేదు. ఎర్రలు మార్చాం, పిండి పెట్టాం, జాగా మార్చాం, లాభం లేదు.

లోపం ఎర వేలాడే లోతులో ఉంది. ముందు గాలానికి పెద్ద సీసం గుండు తగిలించి నీళ్లలో వేశాం. బెండు మునిగితే దాన్ని దారం మీద పైకి జరిపాం, పడుకుంటే కిందికి. మొన మాత్రమే కనిపించినప్పుడు లోతు దొరికింది. తర్వాత ఆ గుండు తీసేసి, గాలానికి జానెడు పైన రెండు చిన్న గుండ్లు నొక్కాం. బెండును ఇంకో నాలుగు వేళ్లు పైకి జరిపాం, ఇదే అసలు కిటుకు. దారాన్ని కాస్త పట్టి పట్టి వదిలితే ఎర నేలను రాసుకుంటూ ముందు పోయింది.

పావుగంటలో ఎర్రమోసు పడింది! ఎంత సంబరపడ్డామో! అది అడుగున మేసే చేప కాబట్టి పనిచేసిందనుకుంటా. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, దానికి ఇది కుదరకపోవచ్చు. మేం చూసింది నీళ్లు నెమ్మదిగా పారే చోట మాత్రమే.