ఇలియడ్ చదువుదాం – 3వ పాఠం: తగవు ఎక్కడ ముదిరింది?

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్. పోయినసారి మొదటి సర్గలో 52వ పాదం దాకా వచ్చాం. పూజారి క్రైసేస్ కూతుర్ని విడిపించుకోడానికి సొమ్ము తెస్తే గ్రీకు సేనల రాజు ఆగమెమ్నాన్ కసిరి పంపాడు; దేవుడు అపోలో బాణాలు గ్రీకు శిబిరం మీద పడ్డాయి. ఈసారి 53 నుంచి 305 దాకా. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ముందు ఒక గ్రీకు మాట: గెరాస్. కొల్లసొమ్ములో మామూలు వాటా కాదిది. ఒక వీరుడికి సైన్యమంతా నలుగురి ముందు ప్రత్యేకించి ఇచ్చే గౌరవ వాటా. ఇది పట్టుకోకపోతే ఇద్దరు మగవాళ్లు ఆడపిల్ల కోసం కొట్టుకున్నట్టే కనిపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఇక పని. ఎవరు మాట్లాడినా అంచున పేరు రాసి, పక్కనే ఎవరి వాటా అడుగుతున్నారో రాయండి. పూజారి కూతురు ఆగమెమ్నాన్ గెరాస్; ఆమెను తిరిగివ్వక తప్పదు గనక 118లో తనకు ఇంకో గెరాస్ చూడమంటాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. పంచేసింది మళ్లీ పోగెయ్యలేం, ట్రాయ్ పడ్డాక మూడు నాలుగు రెట్లు ఇస్తామని గ్రీకు వీరుడు అకిలీస్ జవాబు. సబబే. కాకపోతే నిండు సభలో అతన్ని అందరికన్నా ఆశపోతని పిలిచి మరీ చెప్పాడు! 138కి బెదిరింపు ముగ్గురి మీదికి వచ్చింది: నీదో, మిగతా వీరుల్లో అయాస్‌దో, ఒడిస్సియస్‌దో లాక్కుంటానని. ఇంటికి పోతానని అకిలీస్ అన్నాకే, 184లో, ఒక్క పేరు మిగిలింది: బ్రిసేయిస్, అకిలీస్‌కు గెరాస్‌గా దక్కిన బందీ. నీకన్నా నేనెంత పెద్దవాణ్ణో తెలియాలి అని కారణం కూడా తనే చెప్పేశాడు. అక్కడ గీత గీయండి.

అకిలీస్ కత్తి ఒరలోంచి వస్తుండగా దేవత అథీనా వెనకనుంచి అతని జుట్టు పట్టుకుంటుంది. ఇంకెవరికీ కనబడదు. దేవత ఆపింది గనక అకిలీస్ చేసిందేమీ లేదని రాసెయ్యకండి. నా మాట వింటావేమోనని వచ్చానంటుంది, అతను విన్నాడు.

ఇద్దరికీ సర్దిచెప్పబోయిన ముసలి రాజు నెస్టర్ పెద్దరికం పారలేదు. అప్పటికే అకిలీస్ రాజదండం మీద ఒట్టేసి దాన్ని నేలకు కొట్టాడు.

అభ్యాసం: 9వ సర్గలో 121–161, అకిలీస్‌ను బుజ్జగించడానికి ఆగమెమ్నాన్ ఇస్తానన్న జాబితా. 262–299, దాన్నే ఒడిస్సియస్ అకిలీస్‌కు అప్పజెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టండి. పది టాలెంట్ల (పాతకాలపు తూకం) బంగారం, ఇరవై కొప్పెరలు, పన్నెండు గుర్రాలు, అన్నీ సరిపోతాయి. ఆగమెమ్నాన్ చివరి నాలుగు పాదాలు మాత్రం ఒడిస్సియస్ మింగేశాడు. ఎందుకో మూడు వాక్యాల్లో రాసి ఉంచండి. 4వ పాఠం అక్కణ్ణుంచే.