యాక్సిలరేటర్ వదిలినా రేస్ తగ్గని పాత డర్ట్ బైక్: సమస్య - పరిష్కారం

ఇంట్లోనే విప్పి, పెయింట్ వేసి, మళ్లీ బిగించిన పాత టూ స్ట్రోక్ డర్ట్ బైకుల కోసం ఇది రాస్తున్నాను. విప్పడం, బిగించడం, కార్బొరేటర్ కడగడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. తాజా పెట్రోల్, మాన్యువల్‌లో చెప్పిన పాళ్లలో ఆయిల్, కొత్త ప్లగ్, పొడి రాలని ఎయిర్ ఫిల్టర్, ఈ నాలుగూ సరిచూసుకున్నాకే మిగతాది చదవండి. సగం బళ్లు ఇక్కడే బాగుపడతాయి.

స్పార్క్ లేదు

కాయిల్ (ప్లగ్‌కి హై వోల్టేజ్ పంపే భాగం) కొనేముందు ఫ్రేమ్ చూడండి. చాలా పాత బళ్లలో కాయిల్‌కి ఎర్త్ దాన్ని బిగించిన బోల్టు గుండానే అందుతుంది. మీరేమో ఫ్రేమ్‌కి మందంగా పెయింటో పౌడర్ కోటింగో వేయించారు. ఆ బోల్టు ఆనే చోట పెయింట్ ఉంటే ఎర్త్ అందదు. ఎమరీ కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి బిగించండి. ఇంజిన్ మౌంటింగుల దగ్గరా అంతే. తర్వాత కిల్ స్విచ్ వైరు ఊడదీసి కిక్ కొట్టి చూడండి. విప్పకముందు స్పార్క్ ఇచ్చిన బండి పెయింట్ తర్వాత ఇవ్వడం లేదంటే, పది నిమిషాల ఈ పని చేయకుండా కాయిల్‌కి డబ్బులు పెట్టకండి.

పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కాంటాక్టులు) ఉన్న బండైతే గ్యాప్ సాధారణంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లని ఎమరీతో రుద్దాక శుభ్రమైన కాగితాన్ని మధ్యలో పెట్టి లాగండి, ఆ పొడి మిగిలినా స్పార్క్ రాదు. పాయింట్ల మధ్య పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తుంటే కండెన్సర్ పోయినట్టు.

స్టార్ట్ అవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది

ట్యాంక్ మూత వదులు చేసి నడపండి. ఆగకుండా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది, పిన్నుతో పొడిచి ఊదండి. అయినా ఆగిపోతుంటే పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలోకి వదలండి. ధార ఆగకుండా పడాలి. చుక్కలుగా పడితే ట్యాప్ లోపలి జల్లెడలో తుప్పు ఉంది, ట్యాంక్ కడగాల్సిందే.

యాక్సిలరేటర్ వదిలినా రేస్ తగ్గడం లేదు

జనం ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. ముందుగా కేబుల్ చూడండి. బండి స్లోలో ఉండగా హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి. తిప్పినప్పుడు రేస్ పెరిగితే కేబుల్ బిగుసుకుంటోంది, దారి మార్చి వేయండి. కార్బొరేటర్ స్లయిడ్ టక్కున కిందికి పడుతోందో లేదో కూడా చూడండి.

ఈ రెండూ బాగుండి కూడా లక్షణాలు ఇలా ఉన్నాయనుకుందాం: చల్లగా ఉన్నప్పుడు చోక్‌తో చక్కగా తిరుగుతుంది. వేడెక్కి చోక్ తీసేయగానే స్లో నిలకడగా ఉండదు. యాక్సిలరేటర్ వదిలితే రేస్ వెంటనే దిగకుండా పైనే వేలాడి, మెల్లగా దిగుతుంది. ప్లగ్ తీస్తే తెల్లగా ఉంటుంది. అంటే పెట్రోల్‌కి తగ్గ గాలి కంటే ఎక్కువ గాలి లోపలికి పోతోంది.

ఇది చూడగానే అందరూ కార్బొరేటర్ మీద పడతారు. మళ్లీ కడుగుతారు, పెద్ద జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రం ముక్క) వేస్తారు, స్లో స్క్రూ తిప్పుతూ కూర్చుంటారు. పుండొకచోట, మందొకచోట. పెద్ద జెట్ వేశాక బండి కొంచెం మెరుగైనట్టు కనిపిస్తుంది కూడా, ప్రమాదం అందులోనే ఉంది. పైకి లక్షణం సర్దుకున్నా లోపల గాలి దూరుతూనే ఉంటుంది. ఓ రోజు పొడవాటి దారిలో ఫుల్ రేస్‌లో పోతుండగా పిస్టన్ పట్టేస్తుంది. దశాబ్దాలు బతికిన ఇంజిన్ కొత్త పెయింట్ ఆరకముందే ఇలా పోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

దొంగ చాలాసార్లు మాగ్నెట్ (స్పార్క్‌కి కరెంటు పుట్టించే ఫ్లైవీల్) వెనకాల ఉంటాడు. అక్కడ క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చుట్టూ ఉండే ఆయిల్ సీల్‌ని ఎవరూ పట్టించుకోరు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ తిరిగే కింది గది, ఒక పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడల్లా కింద వాక్యూమ్ ఏర్పడుతుంది. సీల్ బాగుంటే ఆ వాక్యూమ్ కార్బొరేటర్ నుంచే లాగుతుంది. రబ్బరు గట్టిపడిపోతే సీల్ సందులోంచి కూడా గాలి లాగుతుంది, ఆ గాలితో పెట్రోలూ రాదు, ఆయిలూ రాదు. 1968లో వచ్చిన యమహా డీటీ-1 అయినా, 1973లో వచ్చిన హోండా ఎల్సినోర్ అయినా, సీల్ మార్చకపోతే ఆ రబ్బరు వయసు బండి వయసంతే. తిరగకుండా మూల పడున్న బండిలో అది ఇంకా తొందరగా గట్టిపడుతుంది.

కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్యనున్న రబ్బరు బూట్ పగిలినా, సిలిండర్ కింది గాస్కెట్ లీకైనా ఇవే లక్షణాలు వస్తాయి. వాటిని కళ్లతో చూడొచ్చు, సబ్బు నీళ్లు చల్లొచ్చు. మాగ్నెట్ సీల్ మాత్రం ఫ్లైవీల్ వెనక దాక్కుని ఉంటుంది. పైనుంచి ఏ స్ప్రే కొట్టినా నమ్మకంగా తేలదు. తేల్చేది ప్రెషర్ టెస్ట్ ఒక్కటే.

సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయండి. కార్బొరేటర్ తీసి, బూట్‌ని దాని చోటే ఉంచి, అందులో గుండ్రటి ముక్క దూర్చి క్లిప్ బిగించండి. ఆయిల్ పంపు ఉన్న బండైతే ఆ సన్న పైపు కూడా మూయాలి. పిస్టన్‌ని పూర్తిగా కిందికి దించండి, అప్పుడు సిలిండర్, క్రాంక్‌కేస్ ఒకే గదిలా కలిసిపోతాయి. ప్లగ్ రంధ్రం నుంచి గాలి పంపాలి. దీనికి చాలామంది చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పాత పరికరం పంపు, గేజ్ వాడతారు, బాగా పనికొస్తుంది. దాని మీద 300 అంటే దాదాపు 6 పీఎస్‌ఐ, మనకు కావలసింది అంతే. కంప్రెసర్ మాత్రం పెట్టకండి, 10 పీఎస్‌ఐ దాటితే మంచి సీల్ కూడా బయటికి తన్నుకొస్తుంది.

6 పీఎస్‌ఐ దగ్గర ఆపి, 6 నిమిషాలు గేజ్ చూడండి. బాగున్న ఇంజిన్‌లో ముల్లు కదలదు. నిమిషానికి 1 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడిపోతే లీక్ ఉన్నట్టే. ముందు మీరు పెట్టిన బిరడాల మీద సబ్బు నీళ్లు వేయండి, ఎక్కువసార్లు అక్కడే బుడగలొస్తాయి. తర్వాత బూట్, హెడ్, సిలిండర్ కింది గాస్కెట్. చివరికి మాగ్నెట్ తీసి క్రాంక్ చుట్టూ వేయండి. అక్కడ సన్నటి నురగ పొంగుతుంటే ఇక జెట్ల పెట్టె మూసేయొచ్చు. ఒక్కోసారి ప్రెషర్‌కి నిలబడిన సీల్ వాక్యూమ్‌కి లీక్ అవుతుంది. అనుమానం తీరకపోతే చేతి వాక్యూమ్ పంపుతో కూడా అదే పరీక్ష చేయండి.

సీల్ మార్చేటప్పుడు, మాగ్నెట్‌ని దాని మరలకి సరిపోయే పుల్లర్‌తోనే తీయండి. సుత్తి వద్దు, కాళ్ల పుల్లర్ వద్దు. మాగ్నెట్ వెనకున్న స్టేటర్ ప్లేట్ (స్పార్క్ కాయిళ్లు బిగించి ఉండే పళ్లెం) విప్పేముందు ప్లేటు మీదా కేసు మీదా కలిపి ఒక గీత గీయండి, లేకపోతే స్పార్క్ టైమింగ్ మళ్లీ మొదటికొస్తుంది. పాత సీల్ ఎంత లోతులో ఉందో, ఏ ముఖం బయటికుందో రాసుకోండి. కొన్ని ఇంజిన్లలో సీల్ రెండు కేసుల మధ్య గాడిలో ఇరుక్కుని ఉంటుంది, అది ఇంజిన్ తెరవకుండా రాదు, మాన్యువల్ చూడండి. బయటికి వచ్చే రకమైతే క్రాంక్‌కి గీత పడకుండా తీయండి.

తీశాక సీల్ రుద్దుకున్న చోట క్రాంక్ మీద గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. కొత్త సీల్‌ని ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెడితే లిప్ (సీల్ లోపలి అంచు) నున్నటి భాగం మీద పడుతుంది. లిప్‌కి గ్రీజు రాసి, దాని సైజు సాకెట్ పెట్టి సమంగా దించండి. క్రాంక్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి కూడా చూడండి. ఊగితే బేరింగ్ పోయింది, అది మార్చకుండా కొత్త సీల్ వేసినా నిలవదు. బిగించాక మళ్లీ ప్రెషర్ పెట్టి చూసి, జెట్లని కంపెనీ సైజుకి తెచ్చి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఇంజిన్‌ని ఫ్రేమ్‌లో ఎక్కించకముందే బల్ల మీద ఈ టెస్ట్ చేస్తే ఇంకా మంచిది.

తెల్ల పొగ ఆగడం లేదు, గేర్ ఆయిల్ తగ్గుతోంది

ఇది రెండో వైపు, అంటే క్లచ్ వైపు సీల్. ఇంజిన్ గేర్ ఆయిల్ లాగి కాల్చేస్తోంది, ప్లగ్ తడిగా నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ వాసన చూడండి, పెట్రోల్ వాసన కొడుతుంటే ఇక సందేహం అక్కర్లేదు. ప్రెషర్ పెట్టినప్పుడు గేర్ ఆయిల్ పోసే రంధ్రానికి సబ్బు నీటి పొర పట్టిస్తే అది ఉబ్బుతుంది. క్లచ్ విప్పాలి కాబట్టి పని ఎక్కువ, పద్ధతి అదే.

మిగతావి

మాగ్నెట్‌ని క్రాంక్ మీద కదలకుండా పట్టే కీ తెగి టైమింగ్ జరగడం, రీడ్ రేకులు (గాలిని లోపలికే వదిలే పలచటి రేకులు) విరగడం, క్రాంక్‌కేస్ పగలడం, క్రాంక్ మెలి తిరగడం, ఇవన్నీ జరుగుతాయి గానీ అరుదు. మాగ్నెట్ ఎలాగూ తీశారు కనుక కీ ఒకసారి చూసేయండి. మిగతా వాటి కోసం, ముల్లు 6 నిమిషాలూ కదలకుండా నిలబడి కూడా బండి ఇంకా సతాయిస్తుంటేనే ఇంజిన్ తెరవండి.