బెంగళూరు పిల్లలకు తెలుగు పుస్తకాలు: కన్నడ మీదుగా దారి

బెంగళూరులో బడిలో కన్నడ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలకు తెలుగు చదవడం చాలా దగ్గరలోనే ఉంది. ఇంట్లో మాట వచ్చు, రెండు లిపులూ దగ్గరివే కాబట్టి లిపి సగం వచ్చు. ఈ వీలును వాడుకోండి.

పిల్లల పుస్తకాలు వేసే ఈ ఊరి సంస్థే అయిన ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే ఉచిత ఆన్‌లైన్ కథల వేదికను మొదలుపెట్టింది. అందులో ఒకే బొమ్మల కథ చాలాసార్లు కన్నడలోనూ తెలుగులోనూ దొరుకుతుంది. ముందు కన్నడలో చదివించండి, వెంటనే అదే కథ తెలుగులో తెరవండి. కథ తెలిసిపోయింది కాబట్టి పిల్లల దృష్టంతా అక్షరాల మీదే ఉంటుంది. ల, న, మ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తడబాటంతా తలకట్టు దగ్గర, క, త, శ లాంటి అక్షరాల దగ్గర. ఆ నాలుగైదు అక్షరాలు ఒక చీటీ మీద రాసి పక్కన పెడితే చాలు.

కథ ఎంత తేలికో, ఎంత కష్టమో చెప్పే స్థాయిని వయసుతో కాక చదివే శక్తితో ఎంచండి. పదేళ్ల పిల్లకైనా మొదటి స్థాయితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నీతికథల దగ్గరే ఆగిపోకండి, దయచేసి! సైన్సు, లెక్కలు, జంతువులు, నవ్వించే కథలు, అన్నీ ఉన్నాయి. పురుగుల మీద మోజున్న పిల్లాడికి పురుగుల పుస్తకమే ఇవ్వండి.

చేతిలో పట్టుకునే పుస్తకం కావాలంటే చెన్నైలోని తూలిక ప్రచురణలు చూడండి. ఇంగ్లిష్, తెలుగు ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వాళ్ల దగ్గర ఉంటాయి.