ఎయిర్ రైఫిల్‌కీ, పిస్టల్‌కీ ఒకే పెల్లెట్

ఇంట్లో ఒకరు రైఫిల్, ఇంకొకరు పిస్టల్ నేర్చుకుంటూ గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్తుంటే, ప్రాక్టీసుకి రెండు రకాల పెల్లెట్ (ఈ గన్‌లలో వేసే చిన్న సీసపు గుండు) డబ్బాలు కొనక్కర్లేదు. రెండింటి బోరూ (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లే. మూతి చదునుగా, బరువు 0.53 గ్రాముల దరిదాపుల్లో ఉన్న పెల్లెట్ రెండింట్లోనూ నడుస్తుంది. చదును మూతి కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం కొడుతుంది, పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు తగవు ఉండదు.

అసలు చూడాల్సింది డబ్బా మీద ఉండే హెడ్ సైజు, అంటే పెల్లెట్ తల వెడల్పు మిల్లీమీటర్లలో: 4.49, 4.50, 4.51 ఇలా. ఖరీదైనదే మంచిదనుకోకండి. ఏ బ్యారెల్‌కి ఏది కుదురుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. తోటివాళ్ల దగ్గర ఒక్కో సైజూ కాసిని అడిగి తీసుకుని, గన్‌ని కదలకుండా ఆనించి, ఐదేసి షాట్లు కొట్టండి. రంధ్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే చిన్న తూటులా కనిపిస్తే అదే మీ సైజు. రెండు గన్‌లకీ ఒకటే కుదిరితే మరీ మంచిది. అదే బ్యాచ్ నంబరున్న డబ్బాలు రెండు మూడు కలిపి తీసుకోండి.

పెల్లెట్ వెనక అంచు పల్చటి సీసం, గోరుతో నొక్కినా సొట్ట పడుతుంది. సొట్టపడినవి పక్కన పెట్టేయండి, గాలి సందులోంచి జారిపోతుంది. చేతులకి సీసం అంటుతుంది కాబట్టి, ప్రాక్టీసయ్యాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ బాక్సు తెరవనివ్వండి.