కాంక్రీట్ లెక్క తప్పిందా? తేడా ఎంత శాతమో చూడండి

అంచనా వేసిన కాంక్రీటుకూ నిజంగా పట్టినదానికీ తేడా వస్తే, విజయవాడ సైట్‌లోనైనా గుంటూరు సైట్‌లోనైనా వినపడేది ఒకటే మాట: వేస్టేజీ. ఒద్దికగా నడిచే సైట్‌లో వేస్టేజీ రెండు మూడు శాతం దాటదు. ఇరవై, ముప్ఫై శాతం తేడా కనపడిందంటే ఎక్కడో లెక్కే తప్పింది, లేదా కొలత తప్పింది. మంచి విషయం ఏమిటంటే ఒక్కో తప్పుకూ ఒక్కో శాతం ఉంటుంది. అందుకే మేస్త్రీ మీద కేకలు వేసే ముందు అంచనా ఎంత, పోసింది ఎంత అని రెండు అంకెలు కాగితం మీద పెట్టి, తేడా ఎంత శాతమో తీయండి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒకే ఇల్లు తీసుకుందాం. స్లాబ్ 30 × 40 అడుగులు, అంటే 133 గజాలు. మందం 5 అంగుళాలు, కాంక్రీట్ ఎం20 (బలాన్ని బట్టి పెట్టిన గ్రేడు పేరు). 1200ని 5తో గుణించి 12తో భాగిస్తే 500 సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగులు. దాన్ని 35.3తో భాగిస్తే 14.2 క్యూబిక్ మీటర్లు. ఇది పలక (స్లాబ్ చదును భాగం) వరకే, బీమ్‌లు ఇంకా కలపలేదు.

అంచనా సరిగ్గా 20 శాతం ఎక్కువ వచ్చింది

ఇది క్యాలిక్యులేటర్ దగ్గర జరిగే పొరపాటు. 5 అంగుళాలను 0.5 అడుగు అని కొట్టారు. అసలు అది 0.417. నాలుగున్నర అంగుళాలను 0.45 అని కొట్టినా అంతే, అది 0.375 కావాలి. మందం ఎంతైనా సరే, అంగుళాలను పదితో భాగిస్తే ఎప్పుడూ కచ్చితంగా 20 శాతమే పెరుగుతుంది. మన ఇంటికి 500 బదులు 600 సీఎఫ్‌టీ వస్తుంది. ఈ అంకె కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కరలేదు, అంగుళాలను 12తో భాగించి మళ్లీ వేయండి.

సామాను మూడో వంతు తక్కువ పడింది, లేదా రెడీమిక్స్ కావాల్సినదానికి సగం పైగా ఎక్కువ వచ్చి మిగిలింది

రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. సిమెంట్, ఇసుక, కంకర విడివిడిగా ఉన్నప్పుడు వాటి మధ్య ఖాళీలుంటాయి. కలిపి నీళ్లు పోసి వైబ్రేటర్ పెట్టాక ఆ ఖాళీలు పూడిపోతాయి. 1 క్యూబిక్ మీటర్ కాంక్రీట్ కావాలంటే పొడి సామాను దాదాపు 1.54 క్యూబిక్ మీటర్లు పోయాలి. సామాను కొనేటప్పుడు ఈ 1.54 మరిచిపోతే 35 శాతం తక్కువ పడుతుంది. మన పలకకే 114 బస్తాలు కావాల్సిన చోట 74 బస్తాలే తెప్పించి ఉంటారు. దీనికి తిరగేసిన తప్పు, రెడీమిక్స్ ఆర్డర్‌ను కూడా 1.54తో గుణించడం. ప్లాంట్ అమ్మేది తడి కాంక్రీట్. దానికి ఈ గుణకం అక్కరలేదు.

1:1.5:3 పాళ్లలో ఎం20కి క్యూబిక్ మీటర్‌కు 8 బస్తాల సిమెంట్, 15 సీఎఫ్‌టీ ఇసుక, 30 సీఎఫ్‌టీ కంకర పడతాయి. సెంట్రింగ్ చెక్క మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నా చాలు. కాంక్రీట్ పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇలా పాళ్లు చెప్పి కలపడం ఎం20 వరకే. డ్రాయింగ్‌లో ఎం25 అని ఉంటే డిజైన్ మిక్స్ (ల్యాబ్‌లో పాళ్లు తేల్చిన మిశ్రమం) కావాలి, ఈ అంకెలు పనికిరావు.

ఇంకో వాడుక లెక్క కూడా ఈ గందరగోళానికి కారణమవుతోంది. "చదరపు అడుగుకు 0.4 బస్తా" అంటారు కదా, అది గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ కలిపి ఇల్లు మొత్తానికి. స్లాబ్‌కూ అదే వేస్తే 480 బస్తాలు వస్తాయి. ఈ ఇంటికి స్లాబ్, బీమ్‌లు కలిపినా అందులో మూడో వంతు కూడా పట్టదు.

పాతిక నుంచి ముప్ఫై శాతం తక్కువ పడింది

ఇక్కడ దాదాపు ఎప్పుడూ దొరికే దొంగ బీమ్‌లే. ఇంటి ఓనరు ప్లాన్ చూసి పొడవు, వెడల్పు, మందం గుణించేస్తాడు. ప్లాన్‌లో బీమ్ ఒట్టి గీతగా కనిపిస్తుంది. దాని లోతు స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో వేరే షీట్ మీద ఉంటుంది, ఆ షీట్ సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది.

మన ఇంట్లో 9 అంగుళాల వెడల్పు, మొత్తం 15 అంగుళాల లోతు బీమ్‌లు ఉన్నాయనుకుందాం. 30 అడుగులవి నాలుగు, 40 అడుగులవి మూడు, మొత్తం 240 అడుగులు. ఒకదాన్నొకటి దాటే చోట్లు పన్నెండు, ఒక్కో చోట ముప్పావు అడుగు రెండుసార్లు లెక్కకొస్తుంది కాబట్టి 9 అడుగులు తీసేస్తే 231. ఇప్పుడు లోతు సంగతి. 15 అంగుళాల్లో పై 5 అంగుళాలు స్లాబ్‌లో ఇప్పటికే లెక్కేశాం. మిగిలింది 10 అంగుళాలే. 231 × 0.75 × 0.833 అంటే 144 సీఎఫ్‌టీ. పలక 500 అయితే బీమ్‌లే 144, అంటే 29 శాతం. మొత్తం 644 సీఎఫ్‌టీ, 18.25 క్యూబిక్ మీటర్లు, సైట్‌లో కలిపితే 146 బస్తాలు.

బీమ్‌లు మరిచిపోకుండా వేసినవాళ్లు కూడా కొందరు 15 అంగుళాలూ పూర్తిగా తీసుకుంటారు. అప్పుడు 72 సీఎఫ్‌టీ, అంటే 2 క్యూబిక్ మీటర్లు ఎక్కువ వస్తుంది. అందుకే బీమ్ లోతు చెప్పినప్పుడు "స్లాబ్‌తో కలిపా, స్లాబ్ కిందా" అని ఇంజనీర్‌ని అడగడం మంచిది.

ఇదే జాబితాలో మెట్లు కూడా ఉంటాయి. 10 అంగుళాల మెట్టు, 6 అంగుళాల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, కింద 5 అంగుళాల వాలు పలక అయితే ఒక్కో మెట్టుకు 1.84 సీఎఫ్‌టీ. 20 మెట్లకు ల్యాండింగ్ కాకుండానే 1 క్యూబిక్ మీటర్ దాటుతుంది. సన్‌షేడ్‌లు, బాల్కనీ ముక్క, గోడ దాటి బయటికొచ్చిన స్లాబ్ అంచు కూడా కలపండి. స్టీలు ఆక్రమించే చోటు తీసేయాలా అని అడుగుతుంటారు. వద్దు. క్యూబిక్ మీటర్‌కు 100 కిలోల స్టీలున్నా అది 1.3 శాతమే, వేస్టేజీలో కలిసిపోతుంది.

పది శాతం తక్కువ పడింది, బీమ్‌లన్నీ లెక్కలో ఉన్నాయి

స్లాబ్ మందం పెరిగింది. అర అంగుళం పెరిగితే 1200 చదరపు అడుగుల మీద 50 సీఎఫ్‌టీ, అంటే పలకలో పది శాతం. సిమెంట్‌లో చెప్పాలంటే పదకొండు బస్తాలు. సెంట్రింగ్ రేకులు మధ్యలో కుంగినా, లెవెల్ పట్టేవాడు అంచులు మాత్రమే చూసినా ఇదే జరుగుతుంది.

పోయకముందే పట్టుకోవచ్చు. లెవెల్ తాడు అంచు నుంచి అంచుకు గట్టిగా లాగి, కనీసం పది చోట్ల రేకు దాకా టేపుతో కొలవండి. పోసేటప్పుడు మందం గుర్తు పెట్టిన ఇనుప ముక్క ఒకటి గుచ్చి చూస్తుండాలి. ఈ పని మేస్త్రీకి కాకుండా ఇంట్లో ఖాళీగా ఉన్న బావమరిదికి అప్పగించండి, శ్రద్ధగా చేస్తాడు.

ఇసుక, కంకర సరిపోయాయి, సిమెంట్ బస్తాలు మాత్రం ఎక్కువయ్యాయి

ఇసుక తడి. ఈ కారణాన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో చర్చ ఎక్కువ జరగాల్సింది దీని మీదే. కృష్ణా ఇసుక నది నుంచి తడిగానే వస్తుంది. నాలుగైదు శాతం తేమ ఉన్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ నీటి పొర పట్టుకుని రేణువులను ఎడంగా నిలబెడుతుంది. దాంతో ఇసుక పరిమాణం 20, 25 శాతం, సన్న ఇసుకైతే అంతకంటే ఎక్కువ ఉబ్బుతుంది. ఇంకా నీళ్లు పోసి పూర్తిగా ముంచేస్తే ఆ ఉబ్బు మళ్లీ దిగిపోతుంది. పరిటాల, పేరేచర్ల వైపు నుంచి వచ్చే 20 ఎంఎం కంకరకు ఈ గొడవ లేదు. క్రషర్ ఇసుక తడిగా వస్తే దానికీ ఉంది.

దీని దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. మొదటిది కొనేటప్పుడు. 25 శాతం ఉబ్బిన ఇసుకను ట్రాక్టర్ తొట్టి కొలతతో 100 సీఎఫ్‌టీ కొంటే అసలు ఇసుక 80 సీఎఫ్‌టీ. అదే టన్నుల్లో తూచి కొంటే తడి వల్ల పోయేది నాలుగైదు శాతమే. అందుకే తూకం మంచిది. రెండోది కలిపేటప్పుడు. ఫర్మాను, అంటే బస్తా సిమెంట్‌కు సమానమైన 35 లీటర్ల పెట్టెను, తడి ఇసుకతో నింపితే ఇసుక తక్కువ పడుతుంది, బస్తాకు వచ్చే కాంక్రీట్ నాలుగైదు శాతం తగ్గుతుంది. మన 146 బస్తాలు 154 దాకా పోతాయి.

పరీక్ష ఐదు నిమిషాల పని. అంచులు నిటారుగా ఉన్న గాజు సీసాలో తడి ఇసుకను కుదించకుండా 20 సెంటీమీటర్లు పోయండి. దాన్ని బయటికి తీసి, సీసాలో సగం నీళ్లు పోసి, అదే ఇసుకను కొంచెం కొంచెంగా వేసి కదపండి. ఇసుక 16 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటే, తగ్గిన 4ని 16తో భాగించాలి: 25 శాతం. అప్పుడు బస్తాకు ఒకటిన్నర ఫర్మాల ఇసుక బదులు 1.9 దాకా వేయాలి. మిక్సర్‌లో పోసే నీళ్లు కూడా ఆ మేరకు తగ్గించాలి. ఎం20కి బస్తాకు 30 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న నీళ్లు కూడా అందులోనే లెక్క. తట్టలతో కొలిస్తే మాత్రం ఈ పరీక్షకు అర్థం లేదు, మధ్యాహ్నం తట్టా పొద్దుటి తట్టా ఒకటి కావు.

పునాదుల దగ్గరే ఇరవై శాతం ఎగిరిపోయింది

గుంటూరు నల్లరేగడిలో, విజయవాడలో కాలువల పక్క వీధుల్లో ఇది మామూలే. గుంట అంచులు విరిగి పడతాయి. డ్రాయింగ్‌లో 5 × 5 అడుగుల ఫుటింగ్ (పిల్లర్ అడుగున వేసే వెడల్పాటి దిమ్మె), గుంట అయిదున్నర అడుగులైంది. చెక్క పెట్టకుండా మట్టికి ఆనించి పోస్తే కాంక్రీట్ 21 శాతం ఎక్కువ పడుతుంది. ఫుటింగ్ పక్కలకు సెంట్రింగ్ పెట్టించండి, ఆ ఖర్చు కాంక్రీట్ కంటే తక్కువే. అడుగున ముందుగా పరిచే బెడ్ కాంక్రీట్ ఫుటింగ్ కంటే నాలుగు వైపులా బయటికి ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా లెక్కేయాలి.

పైకి వాలుగా వెళ్లే ఫుటింగ్‌కు కింది వైశాల్యం, పై వైశాల్యం కలిపి సగం చేసి ఎత్తుతో గుణించేవాళ్లున్నారు. కింద 5 × 5, పైన 1.5 × 1.5, ఎత్తు 1 అడుగు అయితే ఆ పద్ధతిలో 13.6 సీఎఫ్‌టీ వస్తుంది, అసలు 11.6. సరైన లెక్కలో రెండు వైశాల్యాలకు, వాటి గుణకారం వర్గమూలాన్ని కూడా కలిపి, ఎత్తుతో గుణించి, మూడుతో భాగిస్తారు.

అండర్‌రీమ్ పైల్స్ (భూమిలోకి దింపి, అడుగున బల్బులా ఉబ్బెత్తుగా పోసే కాంక్రీట్ స్తంభాలు) వేస్తే ఆ బల్బు మరవకండి. 12 అంగుళాల పైల్ 12 అడుగుల లోతుకు 9.4 సీఎఫ్‌టీ. కింద 30 అంగుళాల బల్బు రెండు వైపులా 45 డిగ్రీల వాలుతో ఉంటే ఇంకో 2.6. పాతిక శాతం పైనే.

రెడీమిక్స్ లారీలు లెక్కకు వచ్చాయి, స్లాబ్ నిండలేదు

ముందు మీ లెక్క పైవాటితో సరిచూసుకోండి, తర్వాతే లారీని అనుమానించండి. అనుమానం తీరాలంటే వేబ్రిడ్జి ఉంది. నిండు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేసి, 2400 కిలోలతో భాగిస్తే క్యూబిక్ మీటర్లు తెలుస్తాయి. 6 క్యూబిక్ మీటర్ల లోడుకు 14.4 టన్నులు ఉండాలి. లారీతో వచ్చే బ్యాచ్ స్లిప్‌లో సిమెంట్, ఇసుక, కంకర, నీళ్ల బరువులుంటాయి, వాటిని కూడినా ఇదే రావాలి.

పంపు లైన్ కూడా కొంత మింగుతుంది. 125 ఎంఎం పైపు మీటరుకు 12 లీటర్ల పైన పడుతుంది, 30 మీటర్ల లైన్‌కు దాదాపు 0.4 క్యూబిక్ మీటర్. చివర్లో దాన్ని వెనక్కి తోయకపోతే అదంతా నష్టమే.

మన ఇంటికి 18.25, రెండు మూడు శాతం వేస్టేజీ, పంపు లైన్ కలిపితే 19 పైచిలుకు. మూడు లారీలకు 18. అర లోడుకు పూర్తి రవాణా పడుతుంది కదా అని మూడుతోనే ఆపేసేవాళ్లే సాయంత్రం ఇబ్బంది పడేది. నాలుగు లారీలు చెప్పండి, చివరిదాని పరిమాణం మాత్రం ముందుగా చెప్పకండి. రెండో లారీ, అంటే 12 క్యూబిక్ మీటర్లు అయ్యేసరికి, బీమ్‌లతో కలిపి పోసుకుంటూ వెళ్తే 790 చదరపు అడుగుల దాకా స్లాబ్ పూర్తవ్వాలి. టేపు పట్టి చూడండి. 720 దగ్గరే ఆగి ఉంటే మందం పెరిగి కాంక్రీట్ పది శాతం ఎక్కువ పోతోందని అర్థం, లెవెల్ సరిచేసి, మిగిలిన చోటును కొలిచి చివరి లోడు చెప్పండి. లోడ్ చేసిన రెండు గంటల్లోపు దింపడం నియమం. విజయవాడ మే నెల ఎండలో అంతసేపు కూడా ఆగనివ్వకండి, గట్టిపడుతోందని డ్రైవర్ పైపు పెట్టి నీళ్లు కలపబోతే ఒప్పుకోకండి.

ఎంత చేసినా చాలకపోతే, దొరికిన చోట ఆపేయకండి. స్పాన్‌ను, అంటే రెండు ఆధారాల మధ్య దూరాన్ని, మూడు భాగాలు చేస్తే మధ్య భాగంలో, చెక్క అడ్డం పెట్టి, నిటారు అంచుతో ఆపాలి. పిల్లర్ పక్కన, బీమ్ కొసల్లో వద్దు. మర్నాడు ఆ అంచును గరుకు చేసి, కడిగి, సిమెంట్ పాలు పూసి కొనసాగించవచ్చు. ఏ చోట ఆపాలో మీ ఇంజనీర్‌ని ఫోన్‌లోనైనా అడగండి.

మిగిలిపోయింది

అర క్యూబిక్ మీటర్ మిగలడం తప్పేమీ కాదు. సెప్టిక్ ట్యాంక్ మూతలకు, సంపు మూతకు ఫ్రేములు, ఊచలు ముందే సిద్ధం చేసి పెట్టుకుంటే అక్కడ పోసేయవచ్చు. లారీ కడిగిన నీళ్లను మాత్రం వీధి డ్రైన్‌లోకి వదలనివ్వకండి. అడుగున సిమెంట్ గట్టిపడిందంటే వానాకాలంలో నీళ్లు నిలిచేది మీ గేటు ముందే.