రెవిట్‌లో తలుపు ఫ్యామిలీ, 4వ పాఠం: రెక్క విడిగా, లెక్క ఒకటే

పోయిన పాఠంలో రెవిట్‌లో (భవనాలను కంప్యూటర్‌లో మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) తలుపు రెక్కను విడి ఫ్యామిలీగా (కొలతలు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకునే వస్తువు నమూనా) గీసి, చౌకట్టు ఉన్న అసలు తలుపు ఫ్యామిలీలోకి లోడ్ చేశాం. ఈసారి హ్యాండిల్, బందులు మొదలుపెడదామనుకున్నాను. కానీ మీ దగ్గర్నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ రెండు చోట్లే తిరుగుతున్నాయి. కొందరికి ప్లాన్‌లో పద్నాలుగు తలుపులుంటే డోర్ షెడ్యూల్‌లో, అంటే తలుపుల పట్టికలో, ఇరవై ఎనిమిది వరుసలు వస్తున్నాయి. ఇంకొందరు వెడల్పును 900 మి.మీ. నుంచి 750కి తగ్గిస్తే చౌకట్టు దగ్గరికి జరిగింది, రెక్క మాత్రం అలాగే ఉండి గోడలోకి దూరింది. ఈ రెండూ సరిచేయకుండా ముందుకెళ్తే హ్యాండిల్ కూడా తప్పు చోటే కూర్చుంటుంది. అందుకని ఈ పాఠమంతా రెక్క గురించే.

ముందు షెడ్యూల్ సంగతి. రెక్క ఫ్యామిలీ తెరిచి, ఏదీ సెలెక్ట్ చేయకుండా ప్రాపర్టీస్‌లో కిందికి చూడండి. షేర్డ్ అనే చోట టిక్ ఉంటుంది. మీ ఇరవై ఎనిమిది వరుసలకు కారణం అదే. పేరు చూసి "పదిచోట్ల వాడుకోవాలి కదా, షేర్డ్ పెట్టాలేమో" అనుకుంటారు. పదిచోట్ల వాడుకోవడానికి ఆ టిక్ అవసరమే లేదు. టిక్ లేకపోయినా అదే రెక్కను ఎన్ని తలుపు ఫ్యామిలీల్లోకైనా లోడ్ చేసుకోవచ్చు. ఆ టిక్ చేసే పని వేరు: లోపలి ముక్కను ప్రాజెక్టులో ఒక స్వతంత్ర వస్తువుగా నిలబెడుతుంది. దానికి విడిగా ట్యాగ్ (ప్లాన్‌లో వస్తువు దగ్గర పడే గుర్తింపు చీటీ) వేయొచ్చు, షెడ్యూల్‌లో విడి వరుస వస్తుంది, ప్రాజెక్ట్ బ్రౌజర్‌లో విడి పేరుతో కనిపిస్తుంది. రెక్క కేటగిరీ (వస్తువు రకం) డోర్స్ అయి, షేర్డ్ కూడా అయితే రెవిట్ దాన్ని ఇంకో తలుపుగానే లెక్కపెడుతుంది. రెండు రెక్కల తలుపైతే ఒక్క తలుపుకి మూడు వరుసలు. ట్యాగ్ ఆల్ నొక్కితే ప్లాన్‌లో రెక్కల మీద కూడా ట్యాగులు పడతాయి.

దీనికి కొందరు షెడ్యూల్‌లో ఫిల్టర్ పెట్టి అదనపు వరుసలు దాచేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఫిల్టర్ ఆ ఒక్క షెడ్యూల్‌కే. రేపు ఇంకొకరు అదే ప్రాజెక్టులో కొత్త షెడ్యూల్ తీసి క్వాంటిటీ పంపితే, కాంట్రాక్టర్ చేతికి రెట్టింపు తలుపుల లెక్క వెళ్తుంది. మోడల్‌లో ఉన్న తప్పును మోడల్‌లోనే తీయాలి.

ఎలా తీయాలంటే, రెక్క ఫ్యామిలీలో టిక్ తీసేసి కొత్త పేరుతో సేవ్ చేయండి. పాత పేరుతోనే మళ్ళీ లోడ్ చేయడం నాకు నచ్చదు, ఏది పాతదో ఏది కొత్తదో తెలియని గందరగోళం మిగులుతుంది. తలుపు ఫ్యామిలీలో పాత రెక్క స్థానంలో కొత్తది పెట్టి, ప్రాజెక్టులోకి రీలోడ్ చేసి, ఆ తర్వాత బ్రౌజర్‌లో మిగిలిపోయిన పాత రెక్కను డిలీట్ చేయండి. కేటగిరీ డోర్స్‌గానే ఉంచండి, సబ్‌కేటగిరీ ప్యానెల్ ఇవ్వండి. షేర్డ్ కాని రెక్క ఏ కేటగిరీలో ఉన్నా తలుపుల లెక్కలోకి రాదు.

మరి షేర్డ్ ఎప్పుడు? విడిగా లెక్కపెట్టి కొనే వస్తువుకి. తాళాలు, డోర్ క్లోజర్లు అలాంటివి. వాటి కేటగిరీ మాత్రం డోర్స్ కాకూడదు, స్పెషాలిటీ ఎక్విప్‌మెంట్ పెట్టుకోండి.

ఇక వెడల్పు. రెక్క లోపలి వెడల్పు, ఎత్తు, మందం మూడింటినీ ఇన్‌స్టెన్స్ ప్యారామీటర్లుగా (పెట్టిన ఒక్కో రెక్కకు విడిగా మార్చుకోగల కొలతలుగా) చేయండి. తలుపు ఫ్యామిలీలో రెక్కను సెలెక్ట్ చేసి, ప్రతి కొలత పక్కనున్న చిన్న బటన్ నొక్కి, తలుపు ప్యారామీటర్‌కి తగిలించండి. ఈ తగిలించడం మానేసినవాళ్ళకే రెక్క గోడలోకి దూరింది. షేర్డ్ కాకపోతే టైప్ ప్యారామీటర్‌ని (ఒక టైప్‌లోని అన్నిటికీ ఒకటే ఉండే కొలతని) కూడా తగిలించవచ్చు, అయినా నేను ఇన్‌స్టెన్సే వాడతాను. సింహద్వారానికి ఒక పెద్ద రెక్క, ఒక చిన్న రెక్క కావాలంటే ఒకే ఫ్యామిలీ, ఒకే టైప్ రెండుసార్లు పెట్టి వేర్వేరు వెడల్పులు ఇవ్వొచ్చు.

వెడల్పు సూత్రం ఇది: రెక్క వెడల్పు = తలుపు వెడల్పు (చౌకట్టుతో కలిపి) − 2 × చౌకట్టు ముఖం (ఎదురుగా కనిపించే చౌకట్టు వెడల్పు) + 2 × గాడి. చౌకట్టు ముఖం 60 మి.మీ., రెక్క కూర్చునే గాడి 12 మి.మీ. అనుకుంటే, 900 తలుపుకి రెక్క 804. బాత్రూమ్ 750 తలుపుకి 654. 1200 సింహద్వారానికి మొత్తం 1104, ఒకటికి రెండు వంతుల చొప్పున విడదీస్తే 368, 736. మధ్యలో ఒక రెక్క మీద ఇంకోటి ఎక్కే అంచును ప్రస్తుతానికి వదిలేశాను.

ఎత్తు దగ్గర మన ఇళ్ళకు ఇంకో చిక్కుంది. వీధి తలుపుకి గడప ఉంటుంది, లోపలి గదులకు చాలా ఇళ్ళలో ఉండదు. దీనికోసం రెండు ఫ్యామిలీలు చేసినవాళ్ళున్నారు. అక్కర్లేదు. గడప అని ఒక ఎస్/నో ప్యారామీటర్ పెట్టి, గడప ముక్క విజిబిలిటీకి తగిలించండి. తర్వాత 'రెక్క అడుగు' అని ఒక కొలత చేర్చి ఇలా రాయండి: గడప ఉంటే చౌకట్టు ముఖం − గాడి, లేకపోతే 5 మి.మీ. అంటే 48 లేదా 5. రెక్క ఎత్తు = తలుపు ఎత్తు − చౌకట్టు ముఖం + గాడి − రెక్క అడుగు. 2100 తలుపుకి గడపతో 2004, గడప లేకుండా 2047. ఎలివేషన్‌లో ఒక రిఫరెన్స్ ప్లేన్ (కొలతలకు ఆధారంగా గీసే గీత) గీసి, నేల నుంచి దాని దూరానికి 'రెక్క అడుగు' తగిలించి, రెక్క కింది అంచును దానికి అలైన్ చేసి లాక్ చేయండి.

ఒరిజిన్ (ఫ్యామిలీని పెట్టేటప్పుడు ఆధారంగా తీసుకునే చోటు) గురించి ఒక్క మాట. రెక్క ఫ్యామిలీలో బందుల వైపు అంచే ఒరిజిన్ కావాలి, ఆ ప్లేన్‌కి ఈజ్ రిఫరెన్స్ దగ్గర లెఫ్ట్ అని ఇవ్వండి. అన్ని రెక్కలకూ ఇదే పద్ధతి పాటిస్తే, ఫ్యామిలీ టైప్ ప్యారామీటర్‌తో (లోపలి ముక్కను ఇంకోదానితో మార్చుకునే ప్యారామీటర్) చెక్క రెక్క తీసి గాజు రెక్క పెట్టినా బందుల గీత కదలదు.

అభ్యాసం కొంచెం పెద్దదే, వారమంతా తీసుకోండి. రెండు ఫ్యామిలీలు చేయండి: ఒకటి ఒంటి రెక్కది, ఒకటి రెండు రెక్కలది. రెండిట్లోనూ అదే రెక్క ఫ్యామిలీ ఉండాలి. 230 గోడలో గడపతో 1200 సింహద్వారం, 115 గోడలో గడప లేకుండా 900, 750 తలుపులు పెట్టండి. చౌకట్టు లోతు గోడను బట్టి మారాలి. 750ని 765 చేసి చూడండి, ఏ ముక్కా విడిపోకూడదు. రెక్కను గాజుదానితో మార్చండి. షెడ్యూల్ తీసి, ట్యాగ్ ఆల్ నొక్కి, ప్లాన్‌లోని తలుపులను చేత్తో లెక్కపెట్టి సరిచూడండి. చివరగా సింహద్వారానికి గడప టిక్ తీసేసి, సెక్షన్‌లో రెక్క కింది అంచు నేల నుంచి 5 మి.మీ. దగ్గర ఆగిందో లేదో కొలవండి.