బతుకమ్మ ఫొటోలకు బయల్దేరే ముందు జాగ్రత్తలు

ముందు కెమెరాలో హైలైట్స్ హెచ్చరిక (మరీ తెల్లబడిన చోట్లు తెరపై మిణుకుమనే సెట్టింగ్) ఆన్ చేయండి. ఎండలో జరీ అంచు, నుదురు పూర్తిగా తెల్లగా కాలిపోతే రా (RAW) ఫైల్‌లోనూ, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్‌లోనూ, వివరం తిరిగి రాదు. ఆ చోట్లు మిణుకుమంటే ఎక్స్‌పోజర్ ⅓ నుంచి ⅔ స్టాప్ (వెలుతురు కొలత) తగ్గించండి.

వరంగల్ కోటలో ట్రైపాడ్, లైట్ స్టాండ్ పెట్టాలనుకుంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. లేదంటే షూట్ మధ్యలో ఆగిపోతుంది.

దసరా రోజుల్లో 6 గంటలకు అటూఇటూ పొద్దుగూకుతుంది. 4:30కే అక్కడుండండి.

తంగేడు పూల బతుకమ్మను ఛాతీ దగ్గర పట్టుకుంటే గడ్డం కింద పసుపు ఛాయ పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తానికీ రంగు సర్దే సెట్టింగ్) మార్చినా పోదు, ఎందుకంటే అది ముఖమంతా కాదు, ఆ కాస్త చోటే. బతుకమ్మను నడుము దాకా దించి, తెల్ల థర్మోకోల్ షీట్‌ను ముఖానికి పక్కగా పట్టండి. చెట్టు కింద పడే ఆకుపచ్చ ఛాయకూ ఆ తెల్ల షీటే మందు.

కోటలోని కీర్తి తోరణం (రాతి ద్వారం) స్తంభం మనిషి తల మీంచి మొలిచినట్టు రాకూడదు. ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు.

నల్లరాతి ముందు నల్లజుట్టు కలిసిపోతుంది. సూర్యుణ్ని మనిషి వెనుక ఉంచితే జుట్టు అంచు వెలుగుతుంది. మనిషిని రాతికి కనీసం పదడుగుల దూరంలో నిలబెట్టండి. 85 ఎంఎం లెన్స్, ఎఫ్/2.8 అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత) బాగా కుదురుతుంది. గుంపుకైతే ఎఫ్/5.6, లేకపోతే వెనుక వరుస మసకబారుతుంది.